ఆరుగురికి రెండే వీణలు

ప్రశ్న: ఎం.ఏ. సంగీతం చదువుతున్నాను. ఆరుగురికి రెండే వీణలున్నాయి. ఒకదానిలో మెట్లను (తీగల కింది అడ్డకమ్మీలను) పట్టి ఉంచే మైనం మెత్తబడి అవి కదిలిపోవడంతో గాంధార స్వరం మీటితే అపస్వరమే పలుకుతోంది. సంగీత శాస్త్రాన్ని వివరించే లక్షణ గ్రంథాల బీరువాకు ఎప్పుడూ తాళమే. విసుగొచ్చి మానేయాలనిపిస్తోంది.

జవాబు: మీ ఆవేదన న్యాయమైనదే, శ్రుతి నిలవని వాద్యంపై సాధన చేస్తే చెవి కూడా చెడుతుంది. అయితే ఆ వీణ పనికిరానిది కాదు. 24 మెట్లనూ కొత్త మైనంపై సరిచేసి అమర్చడాన్నే మేళం కట్టడమంటారు; కొత్త వీణ కొనడంకంటే దీనికి ఖర్చు చాలా తక్కువ కనుక, బొబ్బిలి దగ్గర గొల్లపల్లిలో ఉన్నటువంటి వీణల తయారీదారులను ధర అడిగి, ఆరుగురూ సంతకాలు చేసి, మరమ్మతు కోసమే శాఖాధిపతికి అర్జీ ఇవ్వండి. బీరువా తాళం సంగతీ అందులోనే రాయండి. ఈలోగా, 1904లో నేటి తమిళనాడులోని ఎట్టయపురంలో తెలుగు లిపిలోనే అచ్చయిన సుబ్బరామ దీక్షితుల ‘సంగీత సంప్రదాయ ప్రదర్శిని’ అనే కర్ణాటక సంగీత గ్రంథం అంతర్జాలంలో ఉచితంగా దొరుకుతుంది. అందులోని గమక (స్వరాన్ని ఊపి, జార్చి పలికించే తీరు) సంకేతాలను చూస్తూ ముందు పాడుకుని, వీణ చేతికందిన గంటలో వాయించి చూసుకోండి.