గుర్రాల డాక్టర్ని అడగండి: డేట్ దాటిపోయింది, ఇంకా ఈనలేదు!

ప్రశ్న: మేడమ్, మా ఆడగుర్రానికి ఇది తొలిచూలు. దాటించిన తేదీ రాసిపెట్టుకున్నాం, ఇవాళ్టికి 346 రోజులు. పొదుగు దిగింది గానీ ఈనట్లేదు. ఇంజెక్షన్ ఇప్పించి ఈనించేయమని అందరూ అంటున్నారు. నాకైతే రాత్రుళ్లు నిద్ర లేదు. ఏం చేయమంటారు?

జవాబు: ముందు ఆ ఇంజెక్షన్ మాట మర్చిపోండి. ఆవుకి వేసినట్టు గుర్రానికి లెక్క వేస్తే కుదరదండీ, సగటున 340 రోజులు అంటాం గానీ 320 నుంచి 365 మధ్య ఎప్పుడు ఈనినా మామూలే, మీది ఇంకా ఆ లోపలే ఉంది. పైగా గుర్రప్పిల్ల ఊపిరితిత్తులు అవీ బయటి గాలికి సిద్ధమయ్యేది సరిగ్గా ఆ చివరి రెండు మూడు రోజుల్లోనే, అదెప్పుడో తల్లికీ పిల్లకీ తెలుసు, మనకి తెలీదు. తొందరపడి ఈనిస్తే లేచి నిలబడలేని పిల్ల చేతికొస్తుంది.

క్యాలెండర్ పక్కన పెట్టి పొదుగు చూడండి. చనుమొనల చివర తేనెమైనం లాంటి చుక్క గట్టిపడి కనిపిస్తే చాలావరకు ఒకటి నుంచి నాలుగు రోజుల్లో ఈనుతుంది. తోక మొదట్లో రెండు పక్కలా నొక్కితే మెత్తగా జారిపోయినట్టు ఉంటుంది. తొలిచూలువి కొన్ని ఈ గుర్తులేవీ సరిగ్గా చూపించకుండానే ఈనేస్తాయి, అదో తలనొప్పి. ఒకటి మాత్రం గుర్తుపెట్టుకోండి, ఈనకముందే పాలు ధార కారిపోతుంటే ఊరికే చూస్తూ ఉండకండి, డాక్టర్‌కి ఫోన్ చేయండి, పోయేవి ముర్రుపాలు. కడుపులో ఉండగా మాయ గుండా పిల్లకి రోగనిరోధక శక్తి రాదు, మొత్తం ఆ పాలలోంచే రావాలి, అది కూడా పుట్టిన 24 గంటల్లోపే, ఆ తర్వాత పేగు దాన్ని తీసుకోవడం మానేస్తుంది. మొదటి ఆరు గంటల్లో తాగింది అన్నిటికంటే బాగా పనిచేస్తుంది.

ఇక ఆ రాత్రి సంగతి. ఎక్కువ గుర్రాలు రాత్రిపూటే ఈనుతాయి, మనుషులు అటూ ఇటూ తిరగని టైమ్ చూసుకుని మరీ. నేను కొత్తలో ఒకసారి మూడు రాత్రులు కాపలా కాసి, నాలుగో రాత్రి మొహం కడుక్కొద్దామని పది నిమిషాలు పక్కకి వెళ్లొచ్చేసరికి గడ్డిలో తడి పిల్ల తల ఊపుతూ కూర్చుంది, తల్లి నావైపు చూసిన చూపు ఇప్పటికీ మర్చిపోలేదు.

ఉమ్మనీరు పోగానే వాచీ చూడండి. అక్కడినుంచి మొత్తం పని 20, 30 నిమిషాల్లో అయిపోవాలి. మొదట తెల్లటి పొర, అందులో ఒక కాలు ముందు, ఇంకో కాలు కొంచెం వెనక, గిట్టల అడుగు నేల వైపు, మోకాళ్ల మీద ముక్కు, ఇలా వస్తుంటే చేయి పెట్టకండి. తెల్లపొర బదులు ఎర్రగా ముఖమల్ గుడ్డలాంటిది వస్తే మాత్రం ఆగొద్దు, మాయ ముందే ఊడిపోయిందని అర్థం, పిల్లకి ఆక్సిజన్ అందదు, వెంటనే ఆ పొర చింపి తల్లి ముక్కినప్పుడల్లా పిల్లని బయటికి లాగాలి, డాక్టర్‌కి ఫోన్ పక్కనున్న మనిషి చేస్తాడు. నీరు పోయి పది పదిహేను నిమిషాలైనా ఏమీ కదలకపోయినా ఫోన్ చేయాల్సిందే.

పుట్టాక బొడ్డుతాడు కోయొద్దు, తల్లి లేస్తే అదే తెగుతుంది. ఒకటి, రెండు, మూడు అని గుర్తుంచుకోండి: గంటలో పిల్ల లేవాలి, రెండు గంటల్లో పాలు తాగాలి, మూడు గంటల్లో మాయ పడాలి. పడకపోతే లాగకండి బాబూ, తల్లి తొక్కకుండా పైకి ముడేసి డాక్టర్‌ని పిలవండి, లోపల ముక్క మిగిలితే గర్భసంచి కుళ్లి ఆ విషం గిట్టలదాకా పోతుంది, మంచి గుర్రం కుంటిదైపోతుంది. పడిన మాయ పారేయకుండా నేలమీద పరచండి, రెండు కాళ్ల ప్యాంట్ లాగా ఉంటుంది, ఆ రెండు కాళ్లలో చిన్నదాని చివర చిరిగి ఉందేమో చూడండి, లోపల ఉండిపోయేది ఎక్కువగా ఆ ముక్కే. డాక్టర్ వచ్చాక పిల్ల రక్తంలో యాంటీబాడీ టెస్ట్ కూడా చేయించండి, డెసిలీటర్‌కి 800 మిల్లీగ్రాములు దాటితే నిశ్చింత.

ప్రశ్న: మా మగ గుర్రం ఇన్నాళ్లూ బాగానే ఉంది. నెలన్నర కింద బాగా జ్వరం వచ్చి తగ్గింది. ఇప్పుడు దాటించినవి ఒక్కటీ చూలు నిలవట్లేదు. అమ్మేయాలా?

జవాబు: అమ్మకండి! వీర్యకణం తయారవ్వడానికే దాదాపు 57 రోజులు పడుతుంది, తర్వాత బయటికి రావడానికి ఇంకో వారం పైనే. జ్వరం వేడికి అప్పుడు సగంలో ఉన్నవి పాడయ్యాయి, అవే ఇప్పుడు బయటికొస్తున్నాయి. గుర్రం హుషారుగా ఎగరడం వేరు, వీర్యం బాగుండటం వేరు, రెండూ ఒకటనుకుంటారు చాలామంది. జ్వరం తగ్గిన రోజు నుంచి రెండు నెలలు పైగా గడిచాక వీర్యపరీక్ష చేయించి అప్పుడు మాట్లాడదాం.

ప్రశ్న: స్కాన్‌లో కవలలు కనిపించాయి. రెండు పిల్లలంటే అదృష్టమే కదా మేడమ్?

జవాబు: గుర్రంలో కాదండీ. ఆ గర్భసంచిలో ఇద్దరికి సరిపడా మాయ పట్టదు, ఎక్కువసార్లు రెండూ పోతాయి, తల్లి కూడా ఇబ్బంది పడుతుంది. సుమారు 16వ రోజు వరకు పిండాలు లోపల అటూ ఇటూ తిరుగుతుంటాయి, ఆలోపే డాక్టర్ ఒకదాన్ని పక్కకి జరిపి నలిపేస్తే రెండోది మామూలుగా పెరుగుతుంది, అందుకే 14, 15 రోజులకే స్కాన్ చేయమంటాం. మీది ఎన్నో రోజో రాయలేదు. ఈ జవాబు అచ్చయ్యేదాకా ఆగకుండా రేపే వెళ్లండి, తర్వాత 28వ రోజు ప్రాంతంలో గుండె కొట్టుకుంటోందో లేదో ఇంకోసారి చూపించండి.