ఎక్స్‌ఎంపీ 3600 పెట్టగానే నీలి తెర: లోపం ర్యామ్‌ది కాకపోవచ్చు

నాలుగు డీడీఆర్4 ర్యామ్ మాడ్యూళ్లతో (ర్యామ్ స్టిక్కులతో) ఎక్స్‌ఎంపీ 3600 ప్రొఫైల్ (ర్యామ్‌ను దాని తయారీదారు చెప్పిన అధిక వేగంలో నడిపే సెట్టింగు) ఆన్ చేశాక గేమ్ మధ్యలో నీలి తెర వస్తోందని, ర్యామ్ వోల్టేజీని 1.35 నుంచి 1.45కు పెంచినా ఫలితం లేదని రాశారు కనుక, ఇబ్బంది మీ రైజెన్ 5600ఎక్స్ ప్రాసెసర్ లోపల ర్యామ్‌ను నడిపే మెమరీ కంట్రోలర్‌లో ఉండే అవకాశమే ఎక్కువ. కంప్యూటర్ వివరాలు చూపే సీపీయూ-జెడ్‌ ప్రోగ్రామ్‌లో ర్యామ్ క్లాక్ 1800 మెగాహెర్ట్జ్‌గా కనిపించడం తప్పు కాదు. ఒక్కో క్లాకుకు రెండుసార్లు డేటా వెళ్తుంది కాబట్టి అది 3600 కిందే లెక్క.

1. ముందు ప్రాసెసర్ ఓవర్‌క్లాక్‌ను (నిర్ణీత వేగానికి మించి నడిపే సెట్టింగును) పూర్తిగా తీసివేయండి. ప్రాసెసర్ వేగం, ర్యామ్ వేగం రెండూ పెంచి ఉన్నంతవరకు దోషం ఎక్కడుందో తేలదు.

2. ర్యామ్ వోల్టేజీని తిరిగి 1.35కు తీసుకురండి.

3. చాలామంది వదిలేసేది ఈ అడుగునే. ర్యామ్ వోల్టేజీ మాడ్యూళ్లకు వెళ్తుంది తప్ప కంట్రోలర్‌కు అందదు. దానికి కావలసింది ఎస్‌ఓసీ వోల్టేజీ, అంటే ప్రాసెసర్‌లో కంట్రోలర్ ఉన్న భాగానికి వెళ్లేది. బయోస్‌లో (కంప్యూటర్ మొదలయ్యేటప్పుడు తెరిచే సెట్టింగుల మెనూలో) దానిని ఆటోలో వదలకుండా 1.10గా పెట్టండి, చాలకపోతే 0.025 చొప్పున 1.15 వరకు పెంచండి, 1.20 మాత్రం దాటవద్దు. సేవ్ చేసి మళ్లీ బయోస్‌లోకి వెళ్లి, అక్కడ చూపుతున్న అసలు విలువను సరిచూసుకోండి. కొన్ని బోర్డుల్లో ఈ సెట్టింగు రెండు మెనూల్లో ఉంటుంది, ఒకచోట మార్చినా రెండోది ఆటోలోనే ఉండిపోతుంది.

4. ఫ్యాబ్రిక్ క్లాక్ (ప్రాసెసర్ లోపలి భాగాలను కలిపే మార్గపు వేగం) ర్యామ్ క్లాక్‌తో సమానంగా 1800 ఉండాలి.

5. ర్యామ్‌ను పరీక్షించే మెమ్‌టెస్ట్86ను నాలుగు పాస్‌లు (పూర్తి విడతలు) నడపండి. ఒక్క ఎర్రర్ వచ్చినా వేగాన్ని 3466కు, అవసరమైతే 3200కు దించండి. నాలుగు మాడ్యూళ్లకు ఏఎండీ అధికారికంగా చెప్పేది 3200 కన్నా తక్కువే.

ఎర్రర్లు లేకపోతే ప్రాసెసర్ ఓవర్‌క్లాక్‌ను తిరిగి పెట్టుకోవచ్చు.