రేసింగ్ గేమ్‌లో ఫ్రంట్ వీల్ డ్రైవ్ కారు మలుపులో బయటికి జారిపోతుంటే ఏం మార్చాలి?

వెనక యాంటీ రోల్ బార్‌ను (మలుపులో కారు పక్కకు ఒరగడాన్ని తగ్గించే కడ్డీని) గట్టిగా, ముందుదాన్ని మెత్తగా పెడితే ఆ జారుడు చాలావరకు తగ్గుతుంది. ఇలాంటి కారులో ఇంజిన్ బరువు మోసేదీ, బండిని లాగేదీ, మలుపు తిప్పేదీ ముందు టైర్లే. వెనకవి దాదాపు ఊరికే వెంట వస్తాయి. టైరుకు ఉండే పట్టు కొంతే. యాక్సిలరేటర్‌కు ఖర్చయింది స్టీరింగ్‌కు మిగలదు. వెనక గట్టిపడితే మలుపులో పక్కకు మారే బరువులో ఎక్కువ వాటా వెనక టైర్ల మీద పడుతుంది, ముందు రెండూ నేలను ఇంకాస్త సమంగా పట్టుకుంటాయి.

ఫోర్జా హొరైజన్ 5లో హోండా సివిక్ టైప్ ఆర్ తీసుకోండి. అక్కడ ఈ సెట్టింగ్ 1 నుంచి 65 దాకా ఉంటుంది. ముందు 15, వెనక 40తో మొదలుపెట్టి చూడండి. లోపలివైపు వెనక చక్రం కాస్త గాల్లోకి లేస్తే కంగారు పడొద్దు, నిజం ట్రాక్ మీదా అంతే. బ్రేక్ వేస్తూ తిప్పినప్పుడు వెనకభాగం విసిరేస్తుంటే మాత్రం ఆ 40ని ఐదేసి చొప్పున తగ్గించండి.

జారేది ముందువైపు కదా అని చాలామంది ముందునే బిగిస్తారు, లేదా స్టీరింగ్ ఇంకా తిప్పేస్తారు. రెండూ తప్పే. అప్పటికే జారుతున్న టైరును ఇంకా తిప్పితే అది రోడ్డుకు రుద్దుకుంటుందే తప్ప తిరగదు. ఒక్క క్షణం యాక్సిలరేటర్ వదిలితే కారు ముక్కు దానంతటదే లోపలికి వస్తుంది.