మోట్లీ క్రూ మొదటి ఆల్బమ్: మీ ఉత్తరాలు, నా జవాబులు

పోయిన నెల ఈ శీర్షికలో మోట్లీ క్రూ మొదటి ఆల్బమ్ ‘టూ ఫాస్ట్ ఫర్ లవ్’ గురించి నాలుగు మాటలు రాసి, విని ఎలా ఉందో చెప్పమని అడిగాను. ఇన్ని ఉత్తరాలు వస్తాయని అనుకోలేదు. కొందరు నెత్తిన పెట్టుకున్నారు, కొందరు ఏకిపారేశారు. రెండు రకాలవీ శ్రద్ధగా చదివాను.

పోయిన సంచిక చూడనివాళ్ల కోసం చిన్న పరిచయం. 1981లో లాస్ ఏంజెలెస్‌లో మొదలైన బ్యాండు ఇది. బేస్ గిటార్ నిక్కీ సిక్స్, డ్రమ్స్ టామీ లీ, గిటార్ మిక్ మార్స్, గొంతు విన్స్ నీల్. ఆ ఏడాది నవంబరు 10నే, ఏ కంపెనీ అండా లేకుండా, లెదర్ రికార్డ్స్ అని సొంత లేబుల్ పెట్టుకుని ఈ ఆల్బమ్ వేశారు. వీళ్లది గ్లామ్ మెటల్. అంటే వేషం ఒక పక్క, పాట ఒక పక్క. జుట్టు పైకి లేపి, కళ్లకు కాటుక, పెదాలకు రంగు, ఒంటికి తోలు బట్టలు. పాటలో మాత్రం బరువైన గిటార్, ఒక్కసారి వింటే నోటికి పట్టేసే పల్లవి.

ఇక ఉత్తరాలు.

“సర్, మీరు అంతగా పొగిడారని రెండుసార్లు విన్నాను. గొంతు కీచుగా ఉంది, పై స్వరం అందక జారిపోతోంది. రికార్డింగ్ రేకుల షెడ్డులో చేసినట్టుంది. ఇదే బ్యాండు ‘డాక్టర్ ఫీల్‌గుడ్’ ఎంత బాగుంటుంది! దీంట్లో మీకు ఏం నచ్చింది?” – ఇంజనీరింగ్ విద్యార్థి, వరంగల్

ఇలాంటి ఉత్తరాలే ఎక్కువ వచ్చాయి. రాసినవాళ్లంతా చెప్పిన మాట ఒకటే: ముందు ‘డాక్టర్ ఫీల్‌గుడ్’ విని, తర్వాత వెనక్కి వచ్చారు. అక్కడే చిక్కు వచ్చింది. 1989 నాటి ఆ ఆల్బమ్‌ను నిర్మాత బాబ్ రాక్ కెనడాలోని వాంకూవర్‌లో దగ్గరుండి చెక్కాడు. అమెరికా చార్టులో మొదటి స్థానానికి వెళ్లింది. అప్పటికి వీళ్లకు డబ్బుంది, పేరుంది, కావాల్సినంత టైముంది.

1981లో ఈ మూడూ లేవు. చేతిలో ఉన్న కాస్త డబ్బుతో కొద్ది రోజుల్లో స్టూడియో పని ముగించేశారు. టామీ లీకి 19 ఏళ్లు, విన్స్‌కు 20, నిక్కీకి 22. మిక్ మార్స్ ఒక్కడే 30 దాటినవాడు. అప్పటికే ఎన్నో చిన్న బ్యాండ్లలో వాయించి, “గోలగా, మొరటుగా, దూకుడుగా వాయించే గిటారిస్టును” అని పేపర్లో ప్రకటన ఇచ్చుకుని మరీ వీళ్లలో కలిశాడు. ఈసారి వినేటప్పుడు గొంతును పక్కన పెట్టి ‘టేక్ మి టు ది టాప్’లో అతని గిటార్ ఒక్కటే పట్టుకుని వెళ్లండి. ఆ ముగ్గురు కుర్రాళ్ల పరుగును పట్టి నిలిపేది ఆ చెయ్యే.

గొంతు జారడం నిజమే, కాదనను. ఇరవై ఏళ్లుగా స్టేజీ సౌండ్ చేస్తున్నాను. పాడేవాడు తన శక్తికి మించిన స్వరం కోసం చెయ్యి చాచినప్పుడు గొంతులో ఒక గీర వస్తుంది. విన్స్ గొంతులో నాకు వినబడేది అదే. అందుకే ఆ చోట్లంటేనే నాకు ఇష్టం. ఇంకో మాట, ఫోను స్పీకరులో వినకండి. మీ హాస్టల్లో ఎవరి దగ్గరైనా పెద్ద స్పీకరు ఉంటే దాంట్లో పెట్టి, ఇంకోసారి రాయండి.

“అన్నా, నా దగ్గర పాత ఎల్పీ ఒకటి, సీడీ ఒకటి ఉన్నాయి. రెంటిలో పాటల వరుస వేరు, ఎల్పీలో ఓ పాట ఎక్కువ. మోత కూడా వేరుగా ఉంది. ఏది అసలుది? ఏది వినాలి?” – ఓ పాఠకుడు, డాలస్, అమెరికా

మంచి ప్రశ్న. నాకు ఇష్టమైన ప్రశ్న కూడా.

మీ ఎల్పీ లెదర్ లేబుల్‌దైతే జాగ్రత్తగా దాచుకోండి. మొదట అచ్చయినవి 900 ప్రతులే. చేతుల మీదుగా, చిన్న షాపుల్లో అమ్ముకుంటూ మొత్తం 20,000 దాకా వెళ్లాయని చెబుతారు. ఆ అమ్మకాలూ, లాస్ ఏంజెలెస్‌లోని సన్‌సెట్ స్ట్రిప్ వీధి క్లబ్బుల్లో జనమూ చూసి ఎలెక్ట్రా కంపెనీ 1982లో వీళ్లతో ఒప్పందం రాసుకుంది. రాసుకున్నాక, ఉన్నది ఉన్నట్టు వేయకుండా మళ్లీ మిక్స్ చేయించింది, అంటే విడివిడిగా రికార్డయిన గొంతు, గిటార్, డ్రమ్స్ పాళ్లు మార్చి కొత్తగా కలిపించింది. ఆ ఆగస్టులో వచ్చినదే మీ సీడీలో ఉన్నది.

మొదటి మిక్స్ మైఖేల్ వాగనర్ అనే జర్మన్ ఇంజనీరుది. తర్వాత మెటాలికా బ్యాండు ‘మాస్టర్ ఆఫ్ పపెట్స్’ మిక్స్ చేసింది, స్కిడ్ రో బ్యాండు మొదటి ఆల్బమ్ తయారు చేసింది ఈయనే. రెండో మిక్స్ రాయ్ థామస్ బేకర్‌ది. క్వీన్ బ్యాండుకు ‘బొహీమియన్ రాప్సడీ’ చేసిన చెయ్యి అది. ఒక గొంతు మీద ఇంకో గొంతు, దాని మీద మరోటి పేర్చుకుంటూ పోవడంలో ఆయనను మించినవాడు లేడు.

నేను వేసుకునే లెక్క చెబుతాను. పెళ్లి సంగీత్‌లలో మైకు పట్టుకోగానే ప్రతి గాయకుడూ నా వైపు చూసి అనే మొదటి మాట “ఎకో పెంచన్నా”. పెంచితే గొంతు నిండుగా వస్తుంది, చిన్న తప్పులు కప్పుకుపోతాయి, పాడేవాడికి ధైర్యం వస్తుంది. కానీ నాలుగో వరుస దాటాక మాట అర్థం కాదు, డోలు దెబ్బ ముద్దైపోతుంది. ఎలెక్ట్రా మిక్స్‌లో నాకు జరిగినట్టు అనిపించేది ఇదే. పల్లవి గొంతులు చిక్కబడ్డాయి, డ్రమ్స్ పెద్ద హాల్లోకి వెళ్లాయి. రేడియోలో బాగుంటుంది, సందేహం లేదు. లెదర్ మిక్స్‌లో గిటార్ మన మొహం ముందు ఉంటుంది. ‘లైవ్ వైర్’ రెండిట్లోనూ మొదటి పాటే కాబట్టి పోల్చుకోవడం తేలిక. మొదటి అర నిమిషం ఒకదాని తర్వాత ఒకటి పెట్టి చూడండి. ఒకదాంట్లో బ్యాండు వేదిక మీద ఉంటుంది, ఇంకోదాంట్లో మీ గదిలో ఉంటుంది.

నా ఓటు లెదర్‌కే. కారణం మోత ఒక్కటే కాదు. ఎలెక్ట్రావాళ్లు ‘స్టిక్ టు యువర్ గన్స్’ పాటను తీసేశారు. ఆల్బమ్ కంటే ముందే బ్యాండు సొంతంగా వేసుకున్న చిన్న సింగిల్‌లోది ఆ పాట. ఆల్బమ్‌కు పేరిచ్చిన పాటకు ముందుండే పొడవాటి గిటార్ ఎత్తుగడను కూడా కత్తిరించేశారు. తలుపు తీసే ముందు వచ్చే అడుగుల చప్పుడు లాంటిది అది. దాన్ని కోసినందుకు నాకు ఇప్పటికీ బాధే.

ఒక్క పాటలో మాత్రం బేకర్ పక్షాన నిలబడతాను. ‘మెరీ గో రౌండ్’ ఒంటరివాడి పాట. దానికి ఆ ఎకో కుదిరింది. ఖాళీ బస్టాండులో ఎవరో పాడుతున్నట్టు ఉంటుంది.

ఎల్పీ లేనివాళ్లకు: లెదర్ మిక్స్ 2003లో వచ్చిన ‘మ్యూజిక్ టు క్రాష్ యువర్ కార్ టు’ సీడీల సెట్టు మొదటి భాగంలో ఉంది.

“మా అబ్బాయి ఇంటర్ సెకండియర్. మీ శీర్షిక చదివి ఇంట్లో ఇదే పాటలు. ఆ అట్ట మీద బొమ్మ చూసి నాకు టెన్షన్ పట్టుకుంది. ఇవి సైతానును పూజించే పాటలని మా పక్కింటావిడ అంటోంది. విననివ్వొచ్చా?” – ఓ తల్లి, గుంటూరు

అమ్మా, మీ టెన్షన్ అర్థమైంది. ఒక్కొక్కటీ చెబుతాను.

ఆ అట్ట మీద ఉన్నది తోలు ప్యాంటు వేసుకున్న విన్స్ నీల్ నడుము భాగం. 1971లో రోలింగ్ స్టోన్స్ వేసిన ‘స్టిక్కీ ఫింగర్స్’ అట్టను తలుచుకుంటూ తీసిన ఫొటో అది. రెచ్చగొట్టడానికే తీశారు, దాపరికం లేదు. సైతాను మాట దీని గురించి కాదు. 1983లో వచ్చిన రెండో ఆల్బమ్ ‘షౌట్ ఎట్ ది డెవిల్’ అట్ట మీద సైతాను గుర్తని జనం అనుకునే ఐదు మొనల నక్షత్రం వేశారు, గొడవంతా దానితో మొదలైంది. 1985లో అమెరికాలో తల్లుల సంఘం ఒకటి అభ్యంతరకరమైన పాటలని 15 పాటల జాబితా తీస్తే, అందులో వీళ్ల పాట ఉన్నదీ ఆ రెండో ఆల్బమ్ నుంచే. ఈ మొదటి ఆల్బమ్‌లో రాత్రి వీధులు, అమ్మాయిల వెంట తిరగడం, పేరు తెచ్చుకోవాలన్న ఆరాటం ఉంటాయి. కొన్ని పాటల్లో మాటలు పెద్దవాళ్లవే. పదిహేడేళ్లవాడికి అర్థం కాని విషయమేమీ కాదు.

మీరు అడగకపోయినా ఒకటి చెప్పాలి. 1984 డిసెంబరులో విన్స్ నీల్ తాగి కారు నడిపాడు. పక్క సీట్లో ఉన్న రాజిల్ చనిపోయాడు. హనోయ్ రాక్స్ అనే ఇంకో బ్యాండు డ్రమ్మర్ అతను, వయసు 24. ఎదురుగా వచ్చిన కారులో ఇద్దరు తీవ్రంగా గాయపడ్డారు. ఈ పాటలు ఇష్టపడే ప్రతి పిల్లాడికీ ఈ సంగతి తెలిసి ఉండాలి. మీ అబ్బాయికి ఈ పేజీ చూపించండి. తర్వాత వీలైతే ఒక సాయంత్రం పక్కన కూర్చుని ‘మెరీ గో రౌండ్’ పెట్టమని అడగండి. అమ్మ అడిగిందంటే వాడే సంతోషంగా పెడతాడు.

“అన్నా, నేను పెళ్లిళ్ల ఆర్కెస్ట్రాలో ప్యాడ్స్ వాయిస్తాను. ‘లైవ్ వైర్’లో టంగు టంగుమని మోగేది ఏంటి? ప్యాడ్‌లో ఏ టోన్ పెట్టాలి?” – ఓ డ్రమ్మర్, కాకినాడ

తమ్ముడూ, అది కౌబెల్. పేరుకు ఆవు మెడలో గంటే కానీ లోపల నాలుక ఉండదు. రేకు పెట్టెలా ఉంటుంది, కర్రతో కొడతారు. నువ్వు వాయించే ఎలక్ట్రానిక్ ప్యాడ్‌లో (ఆక్టోప్యాడ్) కౌబెల్ టోన్ ఉంటుంది, సాధనకు అది చాలు. కానీ కుదిరితే ఒక నిజమైన గంట కొనుక్కో. కర్ర కొసతో పైన కొడితే సన్నగా టింగుమంటుంది. కర్ర మెడతో, గంట నోటి అంచు మీద కొడితే లావుగా టంగుమంటుంది. నీకు కావాల్సింది రెండోదే. మోత మరీ సాగుతుంటే లోపల చిన్న గుడ్డముక్క అంటించు, దెబ్బ తెగి పడుతుంది.

మొదట కాలి దెబ్బ, స్నేర్ డ్రమ్ దెబ్బ రెండూ నిదానంగా కుదుర్చుకో. కుడిచెయ్యి గంట మీదకు ఆ తర్వాతే వెళ్లాలి. ఆ పాట వేగం చూసి చాలామంది ముందు చేతులు పరిగెత్తిస్తారు, కాలు వెనకబడుతుంది. పంతొమ్మిదేళ్ల టామీ లీ కాలు ఒక్కసారి కూడా వెనకబడినట్టు నాకు వినబడలేదు.

“ఇది గ్లామ్ మెటల్ కాదండీ, లిప్‌స్టిక్ వేసుకున్న పంక్.” – ఓ పాఠకుడు, విశాఖపట్నం

సగం ఒప్పుకుంటాను. వేగం, నిర్లక్ష్యం పంక్‌వే. కానీ పల్లవులు చూడండి, పాప్ పాటల తియ్యదనం ఉంటుంది. ఆ రోజుల్లోనే వీళ్లు రాస్‌బెరీస్ అనే పాప్ బ్యాండు పాట ‘టునైట్’ను కూడా రికార్డు చేశారు, తర్వాతి సీడీల్లో అదనపు పాటగా చేర్చారు. ‘స్టారీ ఐస్’ విన్నాక కూడా పంక్ అనే అంటే మళ్లీ రాయండి, మాట్లాడుకుందాం.

“పేరులో అక్షరాల మీద ఆ చుక్కలేంటి? ఎలా పలకాలి?” – ఓ విద్యార్థిని, తిరుపతి

అవి జర్మన్ అక్షరాల చుక్కలు. పలకడానికి కాదు, చూడ్డానికి పెట్టుకున్నారు. అప్పుడు తాగుతున్న జర్మన్ బీరు సీసా మీద చూసి పెట్టామని బ్యాండువాళ్లే చెప్పారు. మోట్లీ క్రూ అనే పలకండి.

“మొత్తం ఆల్బమ్‌లో మీకు బాగా ఇష్టమైన పాట ఏది? ఒక్కటే చెప్పాలి.” – ఓ గృహిణి, హైదరాబాద్

చివరి పాట, ‘ఆన్ విత్ ది షో’.

1991లో సికింద్రాబాద్‌లో ఓ చిన్న షాపులో క్యాసెట్టు మీద ఈ ఆల్బమ్ రికార్డు చేయించుకున్నాను. డిగ్రీ చదువుతున్నాను, నా దగ్గర ఉన్న డబ్బుకు అరవై నిమిషాల టేపే వచ్చింది. షాపతను ఒక వైపు ఇది, రెండో వైపు ఇంకో బ్యాండు ఎక్కించాడు. ఒక వైపు పట్టేది 30 నిమిషాలు. ఎలెక్ట్రా ఆల్బమ్ 34 నిమిషాల పైమాటే. ఎనిమిది పాటలు సరిగ్గా పట్టాయి. తొమ్మిదోది నెమ్మదిగా మొదలై, విన్స్ గొంతు అందుకుని నాలుగు మాటలు పాడేసరికి టక్కుమని టేపు ఆగిపోయేది. వెళ్లి అడిగితే, “టేపు అంతే బాబూ, నన్నేం చెయ్యమంటావ్” అన్నాడు. మళ్లీ రికార్డు చేయించుకునే డబ్బు లేదు. పదమూడేళ్లపాటు నాకు ఆ పాట నాలుగు మాటలే.

ఆ నాలుగు మాటల్లో ఫ్రాంకీ అనే కుర్రాడు చనిపోయాడని ఉంటుంది. ఎవరీ ఫ్రాంకీ, ఎలా పోయాడు అని ఎన్నోసార్లు అనుకునేవాణ్ని. నిక్కీ సిక్స్ అసలు పేరు ఫ్రాంక్ అనీ, తండ్రి వదిలేసి వెళ్తే ఆయన ఇచ్చిన పేరునే తీసేసుకున్నాడనీ, ఆ పాటలో పాతిపెట్టింది తన పాత పేరునేననీ తర్వాత ఎక్కడో చదివాను. చదివాను కానీ పాట మాత్రం వినలేదు.

2004 సంక్రాంతికి మా పెద్దమ్మ కొడుకు అమెరికా నుంచి వస్తూ, ఇందాక చెప్పిన సీడీల సెట్టు తెచ్చాడు. పండగ రోజు మధ్యాహ్నం అందరూ భోజనాలు చేసి నడుం వాల్చారు. డాబా మీద గదిలో పెట్టుకుని, వరుసలో వచ్చేదాకా ఆగలేక నేరుగా చివరి పాటకు వెళ్లాను. టేపు ఆగే చోటు నాకు ఊపిరిలా తెలుసు. ఆ మాట దగ్గరికి రాగానే చెయ్యి దానంతటదే స్టాప్ బటన్ మీదకు వెళ్లింది. పాట ఆగలేదు. మిక్ మార్స్ గిటార్ లోపలికి వచ్చింది, దాని వెనకే డ్రమ్స్ వచ్చాయి.