చిన్నీ, ఇంటి కాగితాలు ఇవ్వను

చిన్నీ,

నిన్న రాత్రి మీ నాన్న ఫోన్ చేసి తెనాలి ఇంటి దస్తావేజులు నా బీరువాలోనే ఉన్నాయా అని అడిగాడు. ఉన్నాయి, ఇప్పుడెందుకు అన్నాను. కాసేపు నసిగి, "చిన్నిని అమెరికా పంపాలి కదా, బ్యాంకు వాళ్ళు కాగితాలు ముందే చూపించమంటున్నారు" అన్నాడు. నువ్వు నాటక రచనలో పీజీకి, అదే ఎంఎఫ్‌ఏకి అప్లై చేస్తున్నావని నాకు అలా తెలిసింది. నువ్వు చెప్పలేదు. చెబితే వద్దంటానని భయపడి ఉంటావు. వద్దనను తల్లీ. రాత్రంతా నిద్రపట్టలేదు గానీ అందులో సగం సంతోషమే. మన ఇంట్లో నా తర్వాత ఇన్నేళ్ళకి ఇంకో ఆడపిల్ల నాటకాలు రాస్తానని బయల్దేరుతోంది. తాతయ్య ఉంటే ఈపాటికి ఊళ్ళో ప్రతి అరుగు మీదా చెప్పి వచ్చేవాడు.

మామూలు సంగతులు ముందు చెప్పేస్తాను. గడువులు చాలా చోట్ల డిసెంబరు, జనవరిలో ఉంటాయి, కొన్ని ఇంకా ముందే ఉంటాయి కాబట్టి దసరాకల్లా నాటకం తుదిప్రతి చేతిలో ఉండాలి. ఇంగ్లీషు పరీక్ష ఇప్పుడే రాసెయ్. జీఆర్‌ఈ చాలా చోట్ల అడగడం లేదు, అయినా ఒక్కో యూనివర్సిటీ పేజీ నువ్వే తెరిచి చూసుకో, ఎవరో చెప్పారని నమ్మకు. సిఫార్సు లేఖలకి పెద్ద పేరున్నవాళ్ళ వెంట పడకు, రిహార్సల్లో నిన్ను చూసినవాళ్ళని అడుగు. స్టేట్‌మెంట్‌లో "చిన్నప్పటి నుంచి నాకు నాటకమంటే ఇష్టం" అని మొదలుపెట్టావో, నేనే వచ్చి చింపేస్తాను. అప్లికేషన్ ఫీజు ఒక్కో చోట వంద డాలర్ల దాకా ఉంటుంది, మాఫీ ఉందేమో అడుగు, అడగడానికి సిగ్గుపడకు.

నాటకం మాత్రం మార్చకు. మీ నాన్న పంపాడు, చదివాను. గుంటూరు కోల్డ్ స్టోరేజీ దగ్గర ఆ నలుగురు ఆడవాళ్ళు మిరపకాయల తొడిమలు తీస్తూ ఉంటారే, అందులో పెద్దావిడ తడిగుడ్డ ముక్కుకి కట్టుకుని, మాట్లాడాల్సి వచ్చినప్పుడల్లా దాన్ని కిందికి లాగి, మాట అయిపోగానే మళ్ళీ పైకి లాక్కుంటుంది. ఆ గుడ్డ ఎప్పుడు దిగుతుందో చూస్తూ కూర్చున్నాను నేను. కోడలి పేరు వచ్చిన చోట మాత్రం ఆవిడ గుడ్డ దించకుండానే మాట్లాడుతుంది చూడు, అక్కడ పుస్తకం పక్కన పెట్టి కాసేపు బాల్కనీలోకి వెళ్ళొచ్చాను. అమెరికా వాళ్ళకి అర్థం కాదేమోనని తొడిమ అంటే ఏమిటో ఎవరి చేతా వివరణ చెప్పించకు. అర్థం కాకపోతే అడుగుతారు, అదీ మంచిదే. ఒక్కటి, రెండో అంకం ఇంకా పచ్చిగా ఉంది. సూపర్‌వైజరు వచ్చాక అందరూ ఒకేసారి గట్టిగా మాట్లాడటం మొదలెట్టారు, ఎవరి మాట ఎవరిదో తెలియడం లేదు.

ఇప్పుడు అసలు విషయం. కాగితాలు నా బీరువాలోకి ఎలా వచ్చాయో నీకెవరూ చెప్పి ఉండరు. మీ నాన్న చెప్పడు, నానమ్మ అసలే చెప్పదు.

2002 మార్చిలో నాకు ఒక పెద్ద నగరంలోని పేరున్న స్కూలు నుంచి ఉత్తరం వచ్చింది. నీకు సీటు ఇచ్చాం, 12 వేల డాలర్ల స్కాలర్‌షిప్ ఇచ్చాం, పది రోజుల్లో ఒప్పుకుని డిపాజిట్ కట్టు అని. ఫీజే ఏడాదికి 26 వేలు. నేను మాత్రం స్కాలర్‌షిప్ అన్న మాట ఒక్కటే చదివాను. తాతయ్య ఆ ఉత్తరాన్ని జేబులో పెట్టుకుని నాలుగు రోజులు తిరిగాడు, మడతల దగ్గర చిరిగిపోయింది కూడా. ఐదో రోజున డిపాజిట్ కట్టేశాం. సరిగ్గా వారానికి ఇంకో ఉత్తరం వచ్చింది, మధ్య అమెరికాలో పేరు కూడా సరిగ్గా పలకలేని ఊళ్ళోని ఒక ప్రభుత్వ విశ్వవిద్యాలయం నుంచి. ఫీజు మొత్తం మాఫీ, పైగా పాఠాలు చెబితే తొమ్మిది నెలలకి 11 వేల డాలర్లు, మూడేళ్ళూ. తాతయ్య అడిగాడు, "ఇదేదో బావున్నట్టుంది కదమ్మా?" అని. నేనేమన్నానో తెలుసా? "నాన్నా, అక్కడ చదివితే ఎవరికి తెలుస్తుంది?" అన్నాను. ఆయన ఇంక మాట్లాడలేదు.

అప్పుడు డాలరు దాదాపు 48 రూపాయలు. ఇల్లు కుదువ పెట్టి మొదటి ఏడాది డబ్బు తెచ్చాడు. నా ఉత్తరంలో రెండో పేజీలో చివరి పేరాలో ఒక వాక్యం ఉంది, ఈ సహాయం మొదటి సంవత్సరానికి మాత్రమే, తర్వాత నిధులను బట్టి అని. చదవలేదని చెప్పను, చదివాను. నా నాటకం చూశాక వాళ్ళే ఇస్తారులే అనుకున్నాను. రెండో ఏడు సగానికి తగ్గించారు. ఇంటికి ఫోన్ చేసి, ఎలాగోలా సర్దండి నాన్నా అన్నాను. సర్దాడు. ఎలా సర్దాడో నేనూ అడగలేదు, ఆయనా చెప్పలేదు.

ఆ చలికాలం ఒక ఆదివారం, ఫోన్ కార్డు మీద ఇంకా పన్నెండు నిమిషాలు మిగిలాయి, ఊరికే నానమ్మతో కబుర్లాడుతున్నాను. కొల్లిపర చేలో కంద ఈసారి బాగా ఊరిందా అమ్మా అని అడిగాను. అటునుంచి మాట లేదు. లైను తెగిందేమోనని హలో హలో అన్నాను. "ఉన్నానమ్మా" అంది. అంతే అంది. ఆ కార్డులో మిగిలిన నిమిషాలు ఇద్దరం ఎలా అవగొట్టామో నాకు గుర్తు లేదు.

మూడేళ్ళలో నేను రాసిన పూర్తి నాటకం ఒక్కటి. మిగతా కాలమంతా లైబ్రరీ కౌంటర్ దగ్గర వారానికి ఇరవై గంటలు, ఇంకా డబ్బు లెక్కలు. తోటివాళ్ళు రిహార్సల్ తర్వాత కూర్చుని తెల్లారేదాకా మాట్లాడుకుంటుంటే నేను పొద్దుటి షిఫ్టు ఉందని లేచి వచ్చేసేదాన్ని. 2006లో తిరిగొచ్చి హైదరాబాదులో ఒక కంపెనీలో కంప్యూటర్ పాఠాలకి ఇంగ్లీషు రాస్తూ కూర్చున్నాను, ఎనిమిదేళ్ళు, ఆ అప్పు తీరేదాకా. ఆ ఎనిమిదేళ్ళలో ఒక్క నాటకం రాయలేదు చిన్నీ. టైం లేక కాదు. ప్రతి నెలా కిస్తీ కట్టగానే, ఇంక ఆ నెలకి నాటకమంటేనే మనసు ఒప్పేది కాదు. 2014లో కాగితాలు విడిపించి తెచ్చుకున్నాను. తాతయ్య 2011లోనే పోయాడు. ఆ ఇల్లు మళ్ళీ మనదైందని ఆయనకి తెలియదు.

అందుకే ఆ కాగితాలు ఇవ్వను. మీ నాన్న కోప్పడతాడు, పడనీ.

పక్కింటి అబ్బాయి ఎమ్మెస్‌కి అప్పు చేశాడు కదా, తీర్చాడు కదా అంటావేమో. అది వేరు. వాళ్ళకి చదువయ్యాక అక్కడే పని చేసుకోనిచ్చే ఓపీటీ ఏడాది మీద ఇంకో రెండేళ్ళు పొడిగింపు దొరుకుతుంది, జీతాలు ఉంటాయి. నాటక రచన సైన్సు, ఇంజనీరింగు లాంటి స్టెమ్ చదువు కాదు, నీకు పన్నెండు నెలలే. ఇక్కడి బ్యాంకు చదువుతున్నన్నాళ్ళూ కిస్తీ అడగదు గానీ వడ్డీ మొదటి రోజు నుంచే నడుస్తుంది. నాటకం రాసి ఆ వడ్డీ కట్టినవాళ్ళని నేను చూడలేదు.

డబ్బిచ్చి చదివించే చోట్లు ఉన్నాయమ్మా, వాటికే అప్లై చెయ్. యేల్‌లో డ్రామా స్కూలుకి 2021లో డేవిడ్ గెఫెన్ 15 కోట్ల డాలర్లు ఇచ్చాక అక్కడ ఎవరికీ ట్యూషన్ ఫీజు లేదు. అయితే ట్యూషన్ లేనంత మాత్రాన అద్దె, తిండి లేనట్టు కాదు, ఆ లెక్క విడిగా అడుగు. ఆస్టిన్‌లో టెక్సస్ యూనివర్సిటీ వాళ్ళ మిచెనర్ సెంటర్ కథ, కవిత్వం, నాటకం, సినిమా అన్నీ కలిపి ఏటా పన్నెండు మంది దాకానే తీసుకుంటూ వచ్చింది, మూడేళ్ళు స్టైపెండ్ ఇచ్చి, పాఠాలు కూడా చెప్పమనకుండా. అయోవా యూనివర్సిటీలో నాటక రచయితలకి మూడేళ్ళ వర్క్‌షాప్ ఉంది, ఏటా కొత్త నాటకాల పండగ చేస్తారు, రాసింది వేదిక మీద చూసుకోవచ్చు. న్యూయార్క్‌లోని జూలియర్డ్ స్కూల్లో ట్యూషన్ ఫీజు లేదు గానీ అది ఎంఎఫ్‌ఏ డిగ్రీ కాదు, వీసాకి, బతుకుదెరువుకి ఏం చేస్తావో ముందే ఆలోచించుకో. ఎక్కడైనా తీసుకునేది ఏటా వేళ్ళ మీద లెక్కపెట్టేంత మందినే. ఈ ఏడు రాకపోతే వచ్చే ఏడు మళ్ళీ పంపుదాం. రాలేదని నువ్వు రాయలేవని కాదు, ఈ మాట గట్టిగా పట్టుకో.

ఉత్తరం వస్తే, ఏడుస్తూ నాకు ఫోన్ చెయ్, ఎంత రాత్రైనా సరే. తర్వాత ఇద్దరం కూర్చుని వెనక పేజీ నుంచి చదువుదాం. డబ్బు ఎన్నేళ్ళకి? "నిధులను బట్టి" అని ఎక్కడైనా ఉందా? ట్యూషన్ మాఫీ అంటే ఫీజులన్నీ మాఫీయా, లేక వేరే ఫీజులు మనమే కట్టాలా? ఆరోగ్య బీమా ఎవరిది? స్టైపెండ్ తొమ్మిది నెలలకా, పన్నెండు నెలలకా? ఇది చాలామంది చూసుకోరు. జూన్, జూలై, ఆగస్టు డబ్బు ఉండదు, ఎఫ్-1 విద్యార్థి వీసా మీద మొదటి ఏడాది బయట పని చేయకూడదు. పాఠాలు చెప్పే అసిస్టెంట్‌షిప్ వారానికి ఇరవై గంటలైతే క్లాసులు జరిగేటప్పుడు క్యాంపస్‌లో ఇంకో పని కూడా చేయనివ్వరు, పరిమితి ఆ ఇరవైయే. స్టైపెండ్ మీద పన్ను కూడా పోతుంది, కాబట్టి ఉత్తరంలో కనబడే అంకె చేతికొచ్చే అంకె కాదు. నెలకెంత మిగులుతుందో ఆ ఊరి అద్దె పక్కన పెట్టి చూడు.

ఇంకోటి, తొందరపెడితే తొందరపడకు. ఏప్రిల్ 15 అని ఒక తేదీ ఉంది. కౌన్సిల్ ఆఫ్ గ్రాడ్యుయేట్ స్కూల్స్ అనే యూనివర్సిటీల సంఘం ఒప్పందం మీద సంతకం చేసిన యూనివర్సిటీలు, డబ్బుతో కూడిన ఆఫర్ ఇచ్చినప్పుడు ఆ తేదీ కంటే ముందే జవాబు చెప్పి తీరాలని పట్టుబట్టకూడదు. అందరూ సంతకం చెయ్యలేదు, నీకొచ్చిన స్కూలు ఆ జాబితాలో ఉందో లేదో చూడు. లేకపోయినా మర్యాదగా ఇంకో రెండు వారాలు అడుగు, వేరే చోట ఇంత ఇస్తున్నారు, మీరు కొంచెం పెంచగలరా అని కూడా అడుగు. ఆ ఒక్క ఈమెయిల్ నేను రాయలేదు. అక్కడ రెండో ఏడు, మూడో ఏడు చదువుతున్నవాళ్ళకి రాసి, డబ్బు చెప్పినట్టే వస్తోందా, వేసవిలో ఏం చేశారు, మీ నాటకం ఎన్నిసార్లు ఆడించారు అని కనుక్కో. ప్రొఫెసర్లు చెప్పనివి వాళ్ళు చెబుతారు.

పూర్తి ఫండింగ్ వస్తే, వీసా కోసం ఇచ్చే ఐ-20 కాగితంలో స్కూలు డబ్బే చూపిస్తారు, మీ నాన్న ఇల్లు చూపించక్కర్లేదు. కొంచెం తక్కువ పడితే ఇన్‌లాక్స్ ఫౌండేషన్ ఉంది, ముప్ఫై ఏళ్ళ లోపు వాళ్ళకి స్కాలర్‌షిప్ ఇస్తుంది, ఏ చదువులకి ఇవ్వరో చూసుకుని అప్లై చెయ్. జె.ఎన్. టాటా ఎండోమెంట్ వాళ్ళది పేరులో స్కాలర్‌షిప్ ఉన్నా అప్పే, తిరిగి కట్టాలి, గుర్తుంచుకో.

గట్టిగా మాట్లాడానేమో. తాతయ్య పరిషత్ నాటకాలకి ప్రాంప్టింగ్ చేసేవాడని తెలుసు కదా నీకు. సైడ్ వింగ్ వెనక నన్ను ఒళ్ళో కూర్చోబెట్టుకుని, టార్చిలైటుకి అరచెయ్యి అడ్డం పెట్టి, వేళ్ళ సందుల్లోంచి వచ్చే ఎర్రటి వెలుతురులో స్క్రిప్టు చూసేవాడు. ఎవరైనా మాట మరిచిపోతే మొదటి అక్షరం మాత్రం అందించేవాడు, పూర్తి మాట అందించేవాడు కాదు. నేను నాటకాలన్నీ పక్కనుంచే చూశాను, నటులు స్టేజీ దిగి చెమట తుడుచుకోవడంతో సహా. మొన్న నీ నాటకం చదువుతుంటే ఆ ఎర్ర వెలుతురు గుర్తొచ్చింది.

ఫీజులన్నీ నేను కడతాను, ఎన్ని చోట్ల పెట్టినా సరే. మీ నాన్నకి నేను చెప్పుకుంటాను. నువ్వు ఈ ఆదివారం వచ్చెయ్, రెండో అంకం ప్రింటు తీసుకురా, మార్జిన్లు వెడల్పుగా పెట్టు. కంద బచ్చలి వండుతాను.

మీ అత్త