కేబినెట్ ఎన్ని గంటలకి కూర్చుందో చూడు తమ్ముడూ

తమ్ముడూ,

నువ్వు పంపిన వ్యాసం రెండుసార్లు చదివా. నీకు రాయడం వచ్చు, అందులో నాకు అనుమానం లేదు. కానీ మూడో పేరాలో "1975 జూన్‌లో కేంద్ర కేబినెట్ ఎమర్జెన్సీ పెట్టాలని నిర్ణయించింది" అని రాశావ్ చూడు, అక్కడ ఆగిపోయా. అసలు కథంతా ఆ వాక్యం కింద కప్పబడిపోయింది.

జూన్ 25 రాత్రి ఇందిరా గాంధీ రాష్ట్రపతి ఫక్రుద్దీన్ అలీ అహ్మద్‌కి ఒక లెటర్ పంపారు. తర్వాత ఎమర్జెన్సీ మీద విచారణ జరిపిన షా కమిషన్ రిపోర్టులో ఉంది, వెతికి చదువు. దీన్ని కేబినెట్ ముందు పెట్టాలనే ఉంది గానీ ఈ రాత్రికి కుదరదు, ప్రభుత్వ పనుల నిర్వహణ నిబంధనల్లోని రూల్ 12 కింద నాకున్న అధికారంతో ఆ పద్ధతి నుంచి మినహాయింపు ఇస్తున్నా, పొద్దున్నే కేబినెట్‌కి చెప్తా అని దాని సారాంశం. రాష్ట్రపతి ఆ రాత్రే ఎమర్జెన్సీ ప్రకటన మీద సంతకం పెట్టేశారు. మంత్రుల్ని పిలిచింది పొద్దున 6 గంటలకి, అప్పటికే ప్రతిపక్ష నాయకులు జయప్రకాశ్ నారాయణ్‌ని, మొరార్జీ దేశాయ్‌ని పట్టుకుపోయారు, ఢిల్లీలో పత్రికల ప్రెస్సులకి కరెంటు తీసేశారు, అంతా అయిపోయాక వాళ్ళ ముందు కాగితం పెడితే దాన్ని నిర్ణయం అని ఎలా అంటాం చెప్పు?

అందుకే ఇలాంటివి రాసేటప్పుడు "ప్రభుత్వం నిర్ణయించింది", "కేబినెట్ భావించింది" అనే మాటలు వచ్చినప్పుడల్లా కలం ఆపి, ఎవరు, ఏ గదిలో, ఎన్ని గంటలకి అని అడుగు. ప్రధానికీ కేబినెట్‌కీ మధ్య ఎవరి బలం ఎంతో నీకు ఆ గంటల తేడాలోనే కనపడుద్ది.

ఇంకోటి, అప్పటి హోంమంత్రి మన కాసు బ్రహ్మానందరెడ్డి గారు, నరసరావుపేట వైపు మనిషి, ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌కి ఏడేళ్ళు ముఖ్యమంత్రిగా చేసినాయన. తెలుగులో రాస్తూ ఆయన పేరే ఎత్తలేదేంటి నువ్వు? ఆ రాత్రి పదిన్నర ప్రాంతంలో ఆయన్ని ప్రధాని ఇంటికి పిలిపించారు. 1971 నుంచి ఉన్న ఎమర్జెన్సీ అధికారాలతోనే సర్దుకోవచ్చు కదా అని ఆయన అన్నారు, అదీ చూశాం, చాలదు అన్నారు ఆవిడ. సరే మీకేది మంచిదనిపిస్తే అది చెయ్యండి అనేశారు, తర్వాత హోంమంత్రిగా తన తరఫున రాష్ట్రపతికి వెళ్ళే లెటర్ మీద సంతకం కూడా పెట్టారు. దేశానికి హోంమంత్రి, ఆయన చేసిన అభ్యంతరం మొత్తం ఆ ఒక్క మాటే. ఆ సీన్ దగ్గర నువ్వు నిలబడాలి, తొందరపడి దాటిపోవద్దు.

అలాగని పిరికివాడు అని ఒక్క మాటలో తేల్చెయ్యకు. 1969 జులైలో మొరార్జీ దగ్గర్నుంచి ఆర్థిక శాఖ లాక్కున్నారు, మూడు రోజులకల్లా 14 బ్యాంకులు జాతీయం చేసేశారు, అదంతా చూసిన మంత్రులు వీళ్ళు. 1971 ఎన్నికల్లో వీళ్ళు గెలిచింది ఆవిడ పేరు మీద. సొంత బలం లేని మంత్రి గొంతు ఎంతదూరం లేస్తుందో అది రాయి. పక్కనే 1956 పెట్టు, సి.డి. దేశ్‌ముఖ్, మన దుర్గాబాయమ్మ గారి భర్త, ఆర్థిక మంత్రిగా ఉండి బొంబాయిని మహారాష్ట్రకి ఇవ్వకుండా కేంద్రం కింద ఉంచాలన్న విషయంలో రాజీనామా చేసి, ఆ నిర్ణయం అసలు కేబినెట్‌లో చర్చకే రాలేదని లోక్‌సభలో నిలబడి చెప్పారు, అదీ నెహ్రూ అంతటివాడి మీద. నాకు ఆ మనిషంటే చాలా గౌరవం.

రాజ్యాంగ 44వ సవరణని నువ్వు చివర్లో ఒక లైన్‌లో కొట్టేశావ్. 1978 నాటి ఆ సవరణ తర్వాతే, కేబినెట్ నిర్ణయం రాతపూర్వకంగా అందితే తప్ప రాష్ట్రపతి ఎమర్జెన్సీ ప్రకటించకూడదు అని ఎమర్జెన్సీ గురించి చెప్పే 352వ అధికరణంలో చేరింది. అంతకుముందు మన రాజ్యాంగంలో "మంత్రిమండలి" ఉంది గానీ "కేబినెట్" అన్న మాటే లేదు, ఆ ఒక్క రాత్రి వల్ల ఆ మాట రాజ్యాంగంలోకి వచ్చింది. ఇంత పెద్ద విషయం చివర్లో ఎందుకు దాచావ్, పైకి తీసుకురా.

మూడో పేరా కొట్టేసి ఆ రాత్రి పదిన్నర నుంచి మొదలుపెట్టి మళ్ళీ రాయి. ఆదివారం లోపు పంపు, నేను ఇంట్లోనే ఉంటా, చదివి ఫోన్ చేస్తా.

మీ అన్నయ్య