కాగితం పూలు నేర్చుకోవడానికి వెళ్తున్న అమ్మలుకి పెద్దమ్మ రాసేది

అమ్మలూ,

ఫాల్గుణంలో వికారాబాద్ అవతల ఏదో తోటలో నాలుగు రోజుల కాగితం పూల శిబిరానికి పేరు ఇచ్చానని నువ్వు చెప్పగానే చాలా సంతోషం వేసింది. మకాం, భోజనం అక్కడే, పొద్దస్తమానం పూల పనే అంటే అంతకన్నా ఏం కావాలి! కానీ వెంటనే "నలభై దాటాక కాలేజీ పిల్లల మధ్య కత్తెర పట్టుకుని కూర్చోవాలంటే టెన్షన్‌గా ఉంది పెద్దమ్మా" అన్నావు. ముందు ఆ సంగతి తేల్చేద్దాం.

ఇంగ్లండ్‌లో మేరీ డెలానీ అని ఒకావిడ ఉండేది. 1700లో పుట్టింది. భర్త పోయాక, పల్లెలో ఉన్న స్నేహితురాలింటికి వెళ్లి నెలల తరబడి ఉంటూ, 72 ఏళ్ల వయసులో కాగితం పూలు మొదలుపెట్టింది. అసలు మొక్కను ఎదురుగా పెట్టుకుని, రేకులూ కేసరాలూ చూసుకుంటూ, రంగు కాగితాన్ని సన్నసన్నగా కత్తిరించి నల్లటి కాగితం మీద అతికించేది. 1782లో చూపు మందగించి ఆపేసేలోపు దాదాపు వెయ్యి చేసింది. ఇప్పుడవి బ్రిటిష్ మ్యూజియంలో ఉన్నాయి. ఆవిడవి కాగితం మీద అతికిన పూలు, నువ్వు చేయబోయేవి కాడ మీద నిలబడే పూలు. అయినా చూసే పద్ధతి ఒకటే. కాబట్టి వయసు మాట ఇక ఎత్తకు.

బడి వార్షికోత్సవాలకు పతంగి కాగితంతో దండలు కట్టిన రోజుల నుంచి ఇప్పటి క్రేప్ కాగితం (ముడతలుండి, లాగితే సాగేది) దాకా ఈ పని చేస్తూ వచ్చినదాన్ని కనుక ఒక్క మాట గట్టిగా చెప్తాను. నాలుగు రోజుల్లో ఎన్ని పూలు చేశావన్నది లెక్కలోకి రాదు. ఒక్క పువ్వును చేత్తో విప్పి చూసి, దాని నమూనా నువ్వే గీసుకుని, ఎవరూ పక్కన లేకుండా కట్టగలిగితే నీ డబ్బులకు న్యాయం జరిగినట్టే. ఇలాంటి చోట గులాబీ, చలిదేశాల్లో పూసే పియొనీ, గసగసాల జాతి పాపీ అని ముందే జాబితా ఉంటుంది, అచ్చు వేసిన నమూనాలూ ఇస్తారు. అవీ చేసుకో, చెయ్యి తిరగడానికి మంచివే. అయితే పియొనీని నువ్వు ఏనాడూ చేత్తో పట్టుకోలేదు. రేకు ఎక్కడ వంగుతుందో, వెనక వైపు రంగు ఎలా ఉంటుందో నీకు తెలిసే దారి లేదు. పల్లెకు వెళ్లి కూడా బొమ్మ చూసి పువ్వు చేసుకొస్తే అంత దూరం వెళ్లడం ఎందుకు?

అదృష్టం కొద్దీ నువ్వు వెళ్లేది మోదుగు పూసే కాలం. ఆకులన్నీ రాలిపోయి కొమ్మల నిండా కాషాయం తప్ప ఇంకేమీ కనపడదు. మొదటి రోజు పొద్దున్నే లేచి చెట్టు కింద రాలినవి ఓ గుప్పెడు ఏరుకో. ఒక పువ్వును తెల్ల కాగితం మీద పెట్టి మెల్లగా విప్పు. అడుగున ముదురు గోధుమ రంగులో, నూగుతో మెత్తగా ఒక చిన్న గిన్నె ఉంటుంది. దాని పైన అయిదు రేకులు. ఒకటి పెద్దది, వెనక్కి విరుచుకుని ఉంటుంది. పక్కల చెరొకటి. అడుగున రెండు కలిసిపోయి చిలకముక్కులా వంగి ఉంటాయి. ఆ ముక్కు చీల్చి చూస్తే లోపల పది కేసరాలు, అందులో తొమ్మిది కింద కలిసి ఉంటాయి, ఒకటి విడిగా ఉంటుంది. వెలుగుకు పట్టి చూడు, రేకు బయటి వైపు సన్నటి నూగు వల్ల రంగు కాస్త వెలిసినట్టు, లోపలి వైపు నిండుగా కనిపిస్తుంది. అందుకే దీనికి రెండు పొరలు అతికించి అమ్మే డబుల్ క్రేప్ సరిగ్గా కుదురుతుంది, ఒక వైపు ఒక రంగు, ఇంకో వైపు ఇంకో రంగు ఉన్నది అడిగి తీసుకో. విడదీసిన ఒక్కో రేకును అట్ట మీద పరిచి చుట్టూ పెన్సిల్‌తో గీసుకో. ఏది పైన, ఏది కింద, ఎన్ని కావాలి, అన్నీ ఆ అట్ట మీదే రాసుకో. ఇంటర్నెట్‌లో దొరికే ఏ నమూనా దీనికి సాటి రాదు.

మోదుగు కష్టమనిపిస్తే మందారంతో మొదలుపెట్టు, తోటలో ఉండకపోదు. అయిదు రేకులు ఒకదాని అంచు మీద ఒకటి ఎక్కి ఉండే వరస, నడుమ పొడుగ్గా వచ్చే కేసరాల కాడ, దాని కొసన అయిదు చిన్న బొడిపెలు, ఈ మూడూ కుదిరితే ఎవరైనా దూరం నుంచే మందారమని గుర్తుపడతారు. జిల్లేడు జోలికి మాత్రం జాగ్రత్త. పాలు కంటికి తగిలితే చాలా ప్రమాదం. గన్నేరులో ప్రతి భాగమూ విషమే. అది ముట్టుకున్న చేత్తో టిఫిన్ దగ్గర కూర్చోవద్దు. చేలో పూలు కోసేముందు ఆ చేను వాళ్లను ఒక మాట అడుగు. పొదలో చెయ్యి పెట్టేముందు చూసుకో, చీకటి పడ్డాక టార్చి లేకుండా అడుగు బయట పెట్టకు.

ఇక కాగితం సంగతి. క్రేప్‌కు ముడతల గీతలుంటాయి. అది సాగేది ఆ గీతలకు అడ్డంగానే. అందుకని రేకు కత్తిరించేటప్పుడు గీతలు మొదలు నుంచి కొస దాకా నిలువుగా ఉండాలి. రెండు బొటనవేళ్లూ రేకు నడుమ పెట్టి మెల్లగా బయటికి నొక్కితే గుంట పడుతుంది. ఒకసారి మరీ సాగిపోయిన కాగితం మళ్లీ వెనక్కి రాదు కాబట్టి తొందరపడకు. క్రేప్ మందాన్ని చదరపు మీటరుకు ఎన్ని గ్రాములన్న లెక్కలో చెప్తారు. 60 గ్రాముల కాగితం పలచన, పాపీ లాంటి సన్నని రేకులకు బాగుంటుంది. 180 గ్రాములది మందం, పెద్ద రేకులకు నిలబడుతుంది. పూలకు వాడే ఇనుప తీగ విషయంలో గేజ్ నంబరు పెరిగేకొద్దీ సన్నబడుతుందని గుర్తుంచుకో. కాడకు 18, రేకులకూ ఆకులకూ 26 సరిపోతాయి. కాడకు చుట్టే టేపు లాగితేనే అంటుకుంటుంది, లాగకుండా చుడితే మర్నాటికి ఊడిపోతుంది. ఫెవికాల్ టూత్‌పిక్ కొసతో ముట్టించు, అంతకన్నా వద్దు. కాగితం తడిస్తే రంగు దిగుతుంది.

నీ కత్తెర నువ్వే తీసుకెళ్లు, బాగా పదునుది. దానితో తీగ కోయనివ్వకు, ఎవరు అడిగినా సరే. తీగకు కటింగ్ ప్లయర్ వేరే ఉండాలి. చేతులకు చెమట పడుతుంది కాబట్టి నూలు తువ్వాలు ఒకటి ఒళ్లో పెట్టుకో. అంచులున్న స్టీలు పళ్లెం కూడా పెట్టుకో. ఎండలు ముదిరే రోజులు, ఫ్యాన్ వేయక తప్పదు, వేస్తే కత్తిరించిన రేకులన్నీ గదంతా ఎగురుతాయి. దగ్గరి చూపు కళ్లజోడు మర్చిపోయేవు!

నేర్పే ఆవిడకు ఎదురుగా కూర్చోవద్దు. ఎదురు నుంచి చూస్తే కుడి ఎడమవుతుంది. ఆవిడ భుజం వెనక నిలబడి చేతులు చూడు. ఫోన్‌లో వీడియో తీస్తూ కూర్చుంటే వేళ్లు ఎంత బిగువుగా పట్టుకున్నాయో నీకు తెలియదు. ఒకసారి చేసి చూపించాక "ఈ రేకు మీద నా చెయ్యి పట్టి నొక్కించండి" అని అడిగేయ్. నేర్పాలని వచ్చినవాళ్లకు ఆ మాట వింటే సంతోషమే.

పక్కనున్న అమ్మాయి సాయంత్రానికి బుట్టెడు పూలు చేసేస్తుంది, చూసి బెంగపడకు. ఒకే పువ్వును మళ్లీ మళ్లీ చెయ్యి. మొదటిదీ ఆఖరిదీ పారేయకుండా పక్కపక్కన పెట్టి చూసుకో. గంటకోసారి లేచి మెడ తిప్పు, దూరంగా ఉన్న గుట్ట వైపు చూడు. వీలు కుదిరితే ఒక పూట అనంతగిరి వెళ్లిరా, మూసీ పుట్టేది అక్కడే. పని ఆగిపోతుందని అనుకోకు. అడవిలో నడిచొస్తే ఆకుల పచ్చలో ఎన్ని రకాలున్నాయో కనిపిస్తాయి. కాగితం పూలు చాలావరకు తేలిపోయేది పువ్వు దగ్గర కాదు, దుకాణంలో దొరికిన ఒకే పచ్చతో చేసిన ఆకుల దగ్గర.

ఆఖరి రోజు అందరూ ఫొటోల హడావుడిలో ఉంటారు. నువ్వు ఆ సమయంలో కాగితం, తీగ ఎక్కడ కొంటారో అడిగి రాసుకో. తిరుగు ప్రయాణానికి అట్టపెట్టె అడుగున థర్మాకోల్ ముక్క బిగించి, కాడలు అందులో గుచ్చు, రేకులు ఒకదానికొకటి తగలకుండా. ఇంటికొచ్చాక ఎండ పడే కిటికీ దగ్గర పెట్టకు, రంగు వెలిసిపోతుంది. వానాకాలం వచ్చేలోపు మిగిలిన కాగితమంతా పాలిథిన్ కవర్లో మూసిపెట్టు. నమూనాలు గీసుకున్న అట్టలు మాత్రం జాగ్రత్త. ఉగాదికి వచ్చేటప్పుడు అవి పట్టుకురా, మోదుగు నేనూ నీ దగ్గర నేర్చుకుంటాను.

ఆశీస్సులతో,
పెద్దమ్మ